గూళ్లలో పిల్లలుండగానే చెరువు ఎండగడతామంటున్నారు, ఎలా ఆపాలి?

చెరువుగట్టు_శీను
ఊరి పేరు పెట్టను, చదివేవాళ్లలో మా వాళ్లు కూడా ఉంటారు. మా చెరువు మధ్యలో సర్కారు తుమ్మలు అడవిలా పెరిగాయి. కొన్నేళ్లుగా గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు, తెల్ల కంకణాలు ఆ తుమ్మల మీదే గూళ్లు కడుతున్నాయి. సంక్రాంతి దాటింది, ఇప్పుడు గూళ్ల నిండా పిల్లలే. వచ్చే నెల మోటార్లు పెట్టి నీళ్లు తోడేసి, చేపలు పట్టేసి, పూడిక తీసి, ఆ చేత్తోనే తుమ్మలన్నీ పొక్లెయిన్‌తో పీకేస్తామని పంచాయతీలో అనుకుంటున్నారు. చేపల పాట పాడుకున్నాయన పక్షులు తన చేపలన్నీ తినేస్తున్నాయని గోల. కట్ట పక్క వీధివాళ్లది వాసన గోల. నేను వద్దంటే "నీకు పక్షులు కావాలా, ఊరు కావాలా" అంటున్నారు. సైబీరియా నుంచి అంత దూరం ఎగిరొచ్చిన పక్షుల ఉసురు పోసుకోవడం ఏంటో నాకర్థం కాదు. చట్టం చూపిస్తే ఆగుతారా? ఇలాంటివి కాపాడుకున్న ఊళ్లవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఖాళీగా_ఉన్నా
ముందు ఆ పక్షులకు ఓటరు కార్డులు ఇప్పించండి. సర్పంచే వచ్చి కాపాడతాడు.

బైనాక్యులర్_బాబాయ్
శీనూ, సైబీరియా సంగతి ముందు తేల్చుకుందాం. నువ్వు చెప్పిన మూడూ ఈ దేశపు పక్షులే. వానను బట్టి, చేపను బట్టి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు మారుతుంటాయి, అంతే. నిజంగా ఉత్తరాది మంచు దేశాల నుంచి వచ్చేవి బాతులు, ఉల్లంకుల్లాంటివి. అవి చలికాలం ఇక్కడ తిని వెళ్లిపోతాయి, గుడ్లు పెట్టుకునేది అక్కడే. గూడబాతు విషయం వేరు. అది భారత్, శ్రీలంక, కంబోడియాల్లో తప్ప ఇంకెక్కడా పెద్దగా గూళ్లు కట్టదు. వచ్చిపోయే చుట్టమనుకుంటే ఈ ఏడు తరిమినా వచ్చే ఏడు వస్తుందిలే అంటారు. దీనికి వేరే పుట్టిల్లు లేదు.

ఇక నీళ్లు. గూళ్లకు కాపలా కాసేది ఆ నీళ్లే. చెట్టు చుట్టూ నీళ్లున్నంత కాలం కుక్క రాదు, అడవిపిల్లి రాదు, మనిషీ సులువుగా ఎక్కడు. నడుమ తోడేశారంటే చెట్లు కొట్టకపోయినా తల్లులు గూళ్లు వదిలేసే ప్రమాదం ఉంది. గూడబాతుకు గుడ్డు పెట్టినప్పటి నుంచి పిల్ల ఎగిరేదాకా నాలుగు నెలలు పడుతుంది. కాబట్టి మీరు అడగాల్సింది పూడిక తీయొద్దని కాదు, ఏప్రిల్ చివరిదాకా ఆగమని.

సిక్కోలు_చిన్నది
బాబాయ్ గారూ, మీరు చెప్పింది నిజమే కావచ్చు గానీ ఆ సైబీరియా కథను ఊళ్లో మాత్రం చెరిపేయకండి. మా వైపు తేలినీలాపురంలో గూడబాతులు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు. రెండుచోట్లా మా అమ్మమ్మల కాలం నుంచి దూరదేశపు చుట్టాలనే అనుకుంటారు. తేలుకుంచి కొంగలు తొలకరితో పాటే దిగుతాయి. అవి దిగితే వానలు బాగుంటాయని, రాకపోతే ఆ ఏడు ఏదో కీడని పెద్దవాళ్లు చెప్తారు. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడితే రెట్టలు వాకిట్లో పడుతున్నా ఒక్కరు రాయి విసరరు. పుస్తకంలో ఉన్నది చెప్పి ఆ భక్తి పోగొడితే ఆ చెట్ల మీద మిగిలేది కలప లెక్క.

బైనాక్యులర్_బాబాయ్
భక్తి ఉన్న ఊళ్లో చెరపక్కర్లేదమ్మా. శీను వాళ్ల ఊళ్లో ఆ భక్తి ఇంకా పుట్టలేదు, వాళ్లకు లెక్కే చూపించాలి. ఆ కొంగలు పొలాల్లో నత్తలు ఏరుకుతింటాయి, అది చెప్పినా చాలు.

రొయ్యలరాజు
అందరూ పక్షుల వైపే మాట్లాడుతున్నారు. డబ్బు కట్టి చెరువు పాడుకున్నవాడి సంగతేంటి? గూడబాతుల గుంపు వరుసగా ఈదుతూ చేపలను ఒక మూలకు తోలి సంచిలో వేసుకోవడం మీలో ఎంతమంది చూశారు? నేను రోజూ చూస్తాను, మాది కొల్లేరు పక్క. 2006లో సర్కారు కొల్లేరులోని చేపల చెరువుల గట్లు పేల్చేసినప్పుడు మా ఇంట్లో ఏడ్చినవాళ్లను ఏ పక్షిప్రేమికుడూ వచ్చి పలకరించలేదు.

అన్నట్టు మా ఆటపాకలో ఫారెస్టు వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు. గూడబాతులు వాటి మీదే గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతున్నాయి, జనం టికెట్ కొనుక్కుని పడవెక్కి చూస్తున్నారు. కాబట్టి తుమ్మలు పోతే జాతి అంతరించిపోతుందని ఏడవకండి. ఇనుప చెట్లు పెట్టుకోండి.

వరిమడి_వాసు
పక్షి కోసం ఇనుప చెట్టు, చెట్టు కోసం ఇనుప కంచె. బాగుంది.

బైనాక్యులర్_బాబాయ్
రాజు గారి మాటలో సగం నిజముంది. స్టాండ్లు పనిచేస్తాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో కూడా పెట్టారు. కానీ అక్కడ ఆ పక్షులు అంతకు ముందు నుంచే చేరి ఉన్నాయి, చెట్లు చాలకపోతే స్టాండ్లు తోడయ్యాయి. ఖాళీ చెరువులో స్టాండ్లు పాతితే పక్షులు వాటంతట అవి రావు. ఒకసారి వదిలేసిన చోటికి మళ్లీ రావడం కూడా గ్యారంటీ లేదు. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లాలో ఆరేడు అనే ఊళ్లో తాటిచెట్ల మీద గూడబాతుల కాలనీ చూశారు. ఎంత పెద్దదంటే దేశమంతా చెప్పుకున్నారు. కొన్ని దశాబ్దాల్లో అది పూర్తిగా ఖాళీ అయిపోయింది.

రొయ్యలరాజు
ఆ ఖాళీ కూడా మా చెరువుల ఖాతాలోనే రాశారా?

బైనాక్యులర్_బాబాయ్
రాయలేదండీ. కానీ గూళ్లున్న చెట్లు మనుషులవి, ఆ మనుషులకు వాటి వల్ల దమ్మిడీ లాభం లేదు. ఎక్కడైనా ఇదే తంతు.

పంచాయతీ_పద్మ
నేను ఒక టర్మ్ వార్డు మెంబరుగా చేశాను, అందుకని కాగితాల వైపు నుంచి చెప్తాను. శీను గారూ, చట్టంతో మొదలుపెట్టకండి. చట్టం ఉంది, గట్టిగానే ఉంది. 1972 వన్యప్రాణి చట్టంలో అడవి పక్షుల గుడ్లు, గూళ్లు చెడగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. కానీ మీరు ఫిర్యాదు పెట్టిన రోజు నుంచి ఊళ్లో మీరు ఒక పార్టీ, మిగతా అందరూ ఒక పార్టీ. మా పక్క మండలంలో ఒక కుర్రాడు అలాగే పై ఆఫీసుకు రాశాడు. అధికారి వచ్చి బోర్డు పాతి ఫొటో దిగి వెళ్లాడు. ఆ వారమే రాత్రికి రాత్రి చెట్లు నేలమట్టం. ఎవరు కొట్టారంటే ఊరంతా మౌనం.

దానికంటే ముందు చేపల పాట కాగితం చూడండి. గడువు ఎప్పటిదాకా ఉందో, నీళ్లు తోడే హక్కు అందులో రాశారో లేదో. చాలా పాటల్లో ఆ ముక్క ఉండనే ఉండదు, పాడుకున్నవాడు అలవాటుగా తోడేస్తాడు. గడువు మార్చితో అయిపోతుంటే రెండు నెలలు పొడిగించమని గ్రామసభలో అడగండి. ఆయనకు నష్టం లేదు, చేప ఇంకా పెరుగుతుంది. పక్షులు తిన్నదానికి పాటలో కొంత తగ్గించమని మీరే ఆయన తరఫున అడగండి. అప్పుడు ఆయన మీ పార్టీ అవుతాడు.

పూడిక విషయంలో, చెరువంతా ఒకే ఏడాదిలో తీయాలని ఎక్కడా లేదు. చెట్లున్న నడిభాగం వదిలి కట్ట వైపు తీయించండి. తీసిన మట్టిలో కొంత చెరువులోనే అక్కడక్కడ దిబ్బలుగా పోయించి వాటి మీద మొక్కలు పెట్టించండి. మిగతా మట్టి రైతులు ట్రాక్టర్లతో తోలుకుపోతారు. రెట్ట కలిసిన ఒండ్రు కదా, ఎగబడతారు.

సీమ_రైతు
పద్మక్క చెప్పిన ఒండ్రు మాట నిజం. పులికాట్ పక్క నేలపట్టులో పాతకాలం నుంచీ అంతే. గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే ఎరువు కొనే పని తగ్గుతుందని అక్కడి రైతులు పక్షుల్ని తాకనివ్వరు. తమిళనాడు వేడంతాంగల్‌లో ఇదే లెక్క మీద 1798లోనే ఈస్టిండియా కంపెనీ కలెక్టరు దగ్గర హక్కు పత్రం రాయించుకున్నారు, తుపాకులు పట్టుకుని ఎవరూ రాకూడదని. అప్పుడు ఫారెస్టు డిపార్టుమెంటే పుట్టలేదు.

కానీ సర్కారు తుమ్మ మీద జాలి చూపించే వాళ్లతో నాకు పేచీ ఉంది. ఒక్కసారి చెరువులో దిగిందంటే నీళ్లు పారే దారి మూసేస్తుంది, పశువు కాలు పెట్టలేదు, ముల్లు గుచ్చుకుంటే నెల బాధ. పక్షి కట్టుకుంది కదా అని దాన్ని పూజించమంటే ఎట్లా?

బైనాక్యులర్_బాబాయ్
పూజించమనలేదు. పక్షికి తుమ్మ మీద మోజేం లేదు, నీళ్లలో నిలబడ్డ చెట్టు ఏదైనా చాలు. నేలపట్టులో అవి కట్టేది కడప అనే నీటిచెట్ల మీద. వేళ్లు నెలల తరబడి నీళ్లలో ఉన్నా తట్టుకుంటాయి. దిబ్బల మీదైతే నల్లతుమ్మ బాగా వస్తుంది. కానీ మొక్క నాటిన ఏడాదే గూడు కట్టేంత చెట్టు కాదు. అవి ఎదిగేదాకా ఈ సర్కారు తుమ్మలు ఉండాలి. తర్వాత ఏడాదికి కొన్ని చొప్పున, అదీ గూళ్లు లేని నెలల్లో తీసెయ్యండి. ఇంకో సంగతి, రెట్ట ఎక్కువై చెట్లు వాటంతట అవే మాడిపోతాయి. కాబట్టి ఎప్పుడూ వెనకాల కొత్త మొక్కలు వస్తుండాలి.

సీమ_రైతు
అట్లయితే సరే. ఏడాదికి కొన్ని అనేది కాగితం మీద రాయించండి. లేకుంటే 'తర్వాత' అనేది రాదు.

అమీన్‌పూర్_ఐటీ
జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించమని అడగొచ్చు కదా? హైదరాబాద్ పక్క మా అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ గుర్తింపు వచ్చింది. దేశంలో ఒక నగర చెరువుకు అలా రావడం అదే మొదటిసారి.

ఖాళీగా_ఉన్నా
వచ్చాక ఏమైంది?

అమీన్‌పూర్_ఐటీ
చుట్టూ అపార్ట్‌మెంట్లు వచ్చాయి. లేక్ వ్యూ అని ఎక్కువకు అమ్మారు.

పంచాయతీ_పద్మ
గుర్తింపు వద్దనను. కర్ణాటకలో కొక్కరెబెళ్లూరు 2007లో కమ్యూనిటీ రిజర్వు అయింది. కానీ అప్పటికే ఆ ఊరు పక్షుల్ని కాపాడుతోంది. కాపాడే ఊరికి కాగితం బలం. కాపాడని ఊరికి అది గోడకు తగిలించుకునే ఫ్రేము.

పశువైద్యం_ఫైనలియర్
కొక్కరెబెళ్లూరు పేరు వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. అక్కడ చెట్లు ఇళ్లవాళ్లవి, ఎక్కువగా చింతచెట్లు. గూళ్లుంటే కాయ దులపలేరు, అందుకని అటవీ శాఖ చెట్టు యజమానికి పరిహారం ఇచ్చే ఏర్పాటు పెట్టింది. దాంతోపాటు మైసూరు ప్రకృతి ప్రేమికులు ఊరి కుర్రాళ్లతో కలిసి గూళ్ల నుంచి జారిపడ్డ పిల్లలకు ఒక దొడ్డి కట్టారు. అందులో చేపలు పెట్టి పెంచి, రెక్కలొచ్చాక వదిలేస్తారు. ఎత్తు చెట్టు మీద ఇరుకు గూడు, గాలి కొడితే రోజూ ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. కింద కుక్కలు కాచుకుని ఉంటాయి. ఆ ఒక్క పనితోనే చాలా పిల్లలు బతుకుతాయి.

శీను గారూ, మీ దగ్గర పిల్లలు నీళ్లలో పడితే తల్లి తీసుకోదు. దెబ్బ తగలకపోతే గూటి దగ్గరకు చేర్చే ప్రయత్నం చేయండి. ఇంటికి తెచ్చి పెంచకండి, కేసవుతుంది, పైగా మనిషికి అలవాటైన పిల్ల బయట బతకదు. అటవీ శాఖ వాళ్లకు చెప్పి వాళ్ల అనుమతితోనే దొడ్డి పెట్టుకోండి. నోరు తెరిచి నీళ్లు పోయడం మాత్రం వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది.

సిక్కోలు_చిన్నది
అస్సాంలో ఆడవాళ్లు చేసింది ఎవరూ చెప్పలేదేం? హర్గిలా అని పెద్ద బట్టతల కొంగ. చెత్తకుప్పల మీద తిరుగుతుంది, గూటి కింద కుళ్లిన మాంసం ముక్కలు రాలుతుంటాయి, జనానికి చూస్తేనే అసహ్యం. కామరూప్ జిల్లా దాదరా, పచరియా ఊళ్లలో గూళ్లున్న చెట్లు నరికేసేవాళ్లు. పూర్ణిమాదేవి బర్మన్ అనే ఆవిడ ఆ ఊళ్ల ఆడవాళ్లను కూడగట్టారు. ఆవిడ చట్టం ఎత్తలేదు. గుడ్లు పొదిగే కాలంలో పక్షికి సీమంతం చేశారు! పాటలు, పసుపు, పిండివంటలు, అన్నీ. చీరల మీద హర్గిలా బొమ్మ నేసి అమ్ముకున్నారు. చెట్ల కింద వలలు కట్టి పడ్డ పిల్లల్ని పట్టుకున్నారు. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ అవార్డు వచ్చింది. 2023లో ఆ కొంగను అంతరించే ముప్పు ఎక్కువగా ఉన్న జాబితా నుంచి ఒక మెట్టు కాదు, రెండు మెట్లు కిందికి దించారు.

మనకు సీమంతం చేయడం రాదా?

రొయ్యలరాజు
మా ఆవిడకు చూపించాను. గూడబాతుకు సీమంతం అయితే నీ చేపలతోనే పులుసు పెడతానంది.

ఖాళీగా_ఉన్నా
పెళ్లికూతురు తరఫు భోజనం ఎటూ అదే.

చెరువుగట్టు_శీను
పాట కాగితం చూశాను. పద్మ గారు చెప్పినట్టే నీళ్లు తోడే మాట అందులో లేదు. పాటదారుడి దగ్గరకు వెళ్లి గడువు పొడిగింపు సంగతి ఎత్తితే మొదట అనుమానంగా చూశాడు, తర్వాత కుర్చీ వేశాడు. టపాసులు కాల్చి పక్షుల్ని బెదరగొట్టడం మాత్రం మానలేదు. పొద్దున్నే ఢాం అంటే చెట్టంతా ఖాళీ. దానికేం చేయాలి?

బైనాక్యులర్_బాబాయ్
అది వెంటనే ఆపించాలి. తల్లి లేచిపోతే ఎండకు బొచ్చు రాని పిల్ల గంటలోపే వాడిపోతుంది, గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి. తమిళనాడు శివగంగ జిల్లాలో వేట్టంగుడి, కొల్లుకుడిపట్టి అనే ఊళ్లలో పక్షుల కోసం దశాబ్దాలుగా దీపావళికే టపాసులు కాల్చడం లేదు. పిల్లలు అడిగితే మిఠాయి పెడతారు.

చేపల్ని కాపాడుకోవాలంటే ఆయనకు వేరే దారి ఉంది. పిల్లచేపలు ఉన్న మూలలో నీళ్ల మీద తాళ్లు అడ్డంగా కట్టుకోమనండి, గూడబాతు దిగడానికి బారుగా ఖాళీ నీళ్లు కావాలి. గూళ్లకు దూరంగా అయితే మనిషి నిలబడి కేకేసినా ఫర్వాలేదు.

అలాగే ఫొటోలవాళ్లు. టపాసు ఒకసారి పేలి ఆగుతుంది, డ్రోను అరగంట తిరుగుతుంది. పైనుంచి వచ్చేది ఏదైనా పక్షి కంటికి గద్దే. నా తోటి బైనాక్యులర్ మనుషులకు కూడా ఇదే చెప్తున్నా.

వరిమడి_వాసు
చెట్ల మీది పక్షులకు సీమంతాలు, ఇనుప చెట్లు, అవార్డులు. నేల మీద గుడ్లు పెట్టే వాటి గురించి ఒక్కరూ మాట్లాడరేం? నా మినుము తీసిన చేలో తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. గూడంటే గూడు కాదు, నాలుగు గులకరాళ్ల మధ్య చిన్న గుంట. రేపోమాపో రొటోవేటర్ వేయాలి. మా నాన్న తీతువు అరిస్తే కీడు, తోలెయ్ అంటాడు. ఏం చెయ్యను?

రొయ్యలరాజు
తీతువుకు ముప్పేమీ లేదు తమ్ముడూ, ఎక్కడ చూసినా అవే. దున్నెయ్.

బైనాక్యులర్_బాబాయ్
తీతువు ప్రస్తుతానికి ఫర్వాలేదు. కానీ దాని గుడ్డును కాపాడే పద్ధతి తెలిస్తే అదే పద్ధతి ముప్పున్న వాటికీ పనికొస్తుంది. బట్టమేక పిట్ట గుడ్డు పెట్టేది నేల మీదే, ఒకేసారి ఒకే గుడ్డు. నేలనెమలి (లెస్సర్ ఫ్లోరికన్) కూడా పచ్చికలో, పంట చేలల్లోనే. మధ్యప్రదేశ్ రత్లాం జిల్లా సైలానా వైపు తన చేలో నేలనెమలి ఉందని చెప్పి కాపాడిన రైతుకు అటవీ శాఖ నగదు బహుమతి ఇచ్చింది. పక్షి దొరికితే చేను లాక్కుంటారేమో అనే భయం పోయి రైతే కబురు పెట్టడం మొదలైంది.

నీ చేలో చేయాల్సింది సులువే. గుడ్ల చుట్టూ మంచమంత చోటు వదిలి దున్ను. పొదగడానికి దాదాపు నాలుగు వారాలు. పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే లేచి పరిగెడతాయి, ఆ తర్వాత ఆ చోటు కూడా దున్నేసుకో. గుడ్లు తీసి పక్కన పెట్టొద్దు. ట్రాక్టర్ వచ్చినప్పుడు తల్లి అరుస్తూ మీదికి వస్తుంది, నువ్వు వెళ్లగానే తిరిగి కూర్చుంటుంది. ఎండ ఎక్కువైతే పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లు చల్లబరుస్తుంది. పక్కన కాలువలోనో కుంటలోనో కాస్త నీళ్లుంటే ఇంకా మంచిది.

సీమ_రైతు
బట్టమేక పేరు ఎత్తారు కాబట్టి. మా రోళ్లపాడులో దాని కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. మంచిదే. కానీ కంచె లోపల కృష్ణజింకలు పెరిగి మా చేలమీద పడ్డాయి. నష్టం మాది, పేరు పిట్టది. చుట్టుపక్కల మెట్ట నేలలకు కాలువ నీళ్లు వచ్చాయి, జొన్న, కొర్ర పోయి వేరే పంటలు వచ్చాయి. బీడు పోయింది. పిట్ట ఉండే చోటే మారిపోయాక కంచె ఏం కాపాడుతుంది? చాలా ఏళ్లుగా మాకు అది కనిపించడం లేదు. ఇప్పుడు జైసల్మేర్ దగ్గర కేంద్రాల్లో గుడ్లు పొదిగించి పెంచుతున్నారట. పెంచండి. వదిలిపెట్టడానికి బీడు ఏదని నా ప్రశ్న. ఉన్న బీడు మీద కరెంటు తీగలు, వాటికి తగిలి చచ్చిపోతాయి.

అమీన్‌పూర్_ఐటీ
జపాన్‌లో తోయోకా అనే ఊరి కథ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. అక్కడి పొలాల్లో పురుగుమందులు వాడీ వాడీ 1971కి తెల్లకొంగలు అడవిలో ఒక్కటీ మిగల్లేదు. బోనుల్లో పెంచి 2005లో మళ్లీ వదిలారు. వదిలే ముందే రైతులను పద్ధతి మార్పించారు. మందులు తగ్గించడం, చలికాలంలో కూడా మడిలో నీళ్లు నిలపడం, తోకకప్పలు కప్పలయ్యేదాకా మడి ఆరగట్టకపోవడం. ఆ బియ్యాన్ని కొంగ పేరుతో ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. వాసు గారూ, 'తీతువు మినుములు' అని పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముదామా?

వరిమడి_వాసు
తీతువు పేరు పెడితే మా ఊళ్లోనే ఎవడూ కొనడు, కీడంటారు. మీరు కొంటారా?

అమీన్‌పూర్_ఐటీ
రెండు కిలోలు నాకు రాసుకోండి.

సీమ_రైతు
రెండు కిలోలకు ఒక పిట్ట పిల్లను లేపాలంటే లెక్క కుదరదు సారూ. ఆ జపాన్ రైతు వెనకాల మున్సిపాలిటీ ఉంది, కొనేవాడున్నాడు. ఇక్కడ అలాంటిది ఎవరైనా మొదలుపెడితే చెప్పండి, నా నాలుగెకరాలు ఇస్తా. వాట్సాప్‌లో దండం పెట్టే బొమ్మ పంపడానికైతే వద్దు.

సిక్కోలు_చిన్నది
గట్ల మీద గడ్డిమందు గురించి కూడా ఎవరైనా రాయండి. మా వైపు ఇప్పుడు గట్లన్నీ గుండు కొట్టినట్టు ఉన్నాయి. గడ్డిలో గూడు పెట్టే పిట్టలకు దాక్కునే చోటే లేదు. ఎలుకలు ఎక్కువయ్యాయని మళ్లీ మందు.

పశువైద్యం_ఫైనలియర్
గుళికలు కూడా. కొంగల్ని పట్టడానికి చేపల్లో గుళికల మందు పెట్టి మడిలో వేసేవాళ్లు ఉన్నారు. అలా పట్టిన కొంగను కోసుకుతినడం అంటే ఆ మందు తినడమే. పక్షి మీద జాలి లేకపోయినా మీ పిల్లల మీద ఉంటుంది కదా, అదే చెప్పండి.

వరిమడి_వాసు
చేలో గుడ్లున్న చోట గుర్తుకు కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాను. ట్రాక్టర్ డ్రైవరుకు దూరం నుంచే కనిపించాలని.

బైనాక్యులర్_బాబాయ్
కర్ర మంచిదే, నెదర్లాండ్స్‌లో వాలంటీర్లు ఏళ్లుగా అలాగే గూళ్ల దగ్గర కర్రలు పాతి రైతులకు చూపిస్తున్నారు. కానీ గుడ్ల పక్కనే పాతకు. కాకి తెలివి మామూలుది కాదు, కర్ర ఉన్నచోట గుడ్లుంటాయని పసిగడుతుంది. పది అడుగుల దూరంలో, దుక్కి సాలు వెంట ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టు. కాకి వాలి కూర్చునేంత లావు కర్ర వద్దు. ఎర్రగుడ్డ తీసెయ్.

అలాగే కోత మిషన్ పెట్టించే రోజుల్లో ఇంకో చిట్కా. చుట్టూ అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి కోస్తే పిల్లలు నడిమధ్యకు జరిగి చివరి చుట్టులో బ్లేడు కింద పడతాయి. నడుమ నుంచి బయటికి కోస్తే గట్టు మీదికి పారిపోతాయి. బ్రిటన్‌లో కార్న్‌క్రేక్ అనే పచ్చికకోడి లాంటి పక్షిని కాపాడింది ఎక్కువగా ఈ పద్ధతే.

వరిమడి_వాసు
మా మిషన్ డ్రైవరు గంట లెక్కన తీసుకుంటాడు. నడుమ నుంచి మొదలుపెట్టమంటే ముందు పంట తొక్కుకుంటూ లోపలికి పోవాలి. ఆ తొక్కిన పంటకు ఎవరిస్తారు?

పంచాయతీ_పద్మ
నడుమ నుంచి కాకపోయినా ఒక పక్క నుంచి వరుసగా గట్టు వైపు తోలుకుంటూ కోయమనండి. పంట తొక్కుడుండదు, పిల్లలు ఒక పక్కకు తప్పుకుంటాయి. మిషన్ తిరిగే మలుపులో రెండు నిమిషాలు పోతాయంతే.

బైనాక్యులర్_బాబాయ్
అది బాగుంది. నాకు తట్టలేదు.

చెరువుగట్టు_శీను
గ్రామసభ అయ్యింది. అనుకున్నంత కాలేదు, అసలు కాకుండానూ పోలేదు. ఏప్రిల్ నెలాఖరుదాకా నీళ్లు తోడకూడదని రాశారు. పాటదారుడికి గడువు పెంచారు, పాట తగ్గించడానికి మాత్రం ఒప్పుకోలేదు. వచ్చే సభలో చూద్దామన్నారు. టపాసులు ఆపేస్తానన్నాడు, రెండు రోజులు ఆపాడు కూడా. తుమ్మలు ఈ ఏడు కట్ట వైపువే తీస్తారు. వాసన వీధివాళ్లు మాత్రం అలిగి లేచిపోయారు. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వాసన నిజంగానే వస్తుంది మరి.

పంచాయతీ_పద్మ
వాళ్లను వదిలెయ్యకండి, వచ్చే ఏడు గొడ్డలి వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఒండ్రు తోలేటప్పుడు ఆ వీధి రైతులకే మొదటి వంతు ఇప్పించండి. కట్ట అంచున వాళ్ల ఇళ్లకు దగ్గరగా ఉన్న చెట్లు ఎలాగూ తీస్తున్నారు, అవి వాళ్ల కోసమే తీయిస్తున్నామని నోటితో చెప్పండి. కొత్త మొక్కలు ఆ వైపు పెట్టకండి.

రొయ్యలరాజు
శీను, మీ పాటదారుడికి నా నంబరు ఇస్తా, మెసేజ్ పెట్టు. తాళ్లు ఎంతెంత దూరంలో కట్టాలో నేను చెప్తా. ఎడం ఎక్కువైతే దిగుతాయి, తక్కువైతే మెడ చిక్కుకుంటుంది. ప్లాస్టిక్ దారం మాత్రం వద్దు, లావు తాడే కట్టాలి.

ఖాళీగా_ఉన్నా
రాజు గారు పార్టీ మారారు.

రొయ్యలరాజు
మారలేదు. నా చెరువుకు వస్తే ఇప్పటికీ తోలేస్తా.

చెరువుగట్టు_శీను
కడప మొక్కలు ఎక్కడ దొరుకుతాయి? వానలకు ముందే దిబ్బలు తయారవుతాయి.

సీమ_రైతు
అటవీ శాఖ నర్సరీలో ముందే చెప్పి పెట్టుకోండి. అడిగిన రోజు ఇవ్వరు, విత్తనం వేసి పెంచాలి. మోకాలెత్తు దాటిన మొక్కలే తీసుకోండి, చిన్నవి మొదటి నీళ్లకే మునిగిపోతాయి. మేకలు రాకుండా కంప కట్టండి. కంపకు సర్కారు తుమ్మ పనికొస్తుంది, ఎటూ కొట్టేస్తున్నారు కదా.